ఎస్సిటాలోప్రామ్‌లో చివరి 5 మిల్లీగ్రాములు మానడం ఎందుకింత కష్టమైంది?

డిప్రెషన్ తగ్గించే మందు (యాంటీడిప్రెసెంట్) అయిన ఎస్సిటాలోప్రామ్‌ను మూడేళ్లపాటు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున వాడి, మనసు కుదుటపడ్డాక రెండేసి వారాల వ్యవధిలో 10కి, తర్వాత 5కి తగ్గించి, ఆపైన పూర్తిగా ఆపేశానని మీరు రాశారు. 20 నుంచి 10కి దిగినప్పుడు ఏ తేడా తెలియలేదనీ, 5 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఆపేసిన మూడో రోజు నుంచి తల తూలడం, కళ్లు పక్కకు తిప్పినప్పుడల్లా తలలో కరెంటు కొట్టినట్లు ఝల్లుమనడం, పీడకలలు, కారణం లేని ఏడుపు, ఇంట్లోవాళ్ల మీద విసుగు మొదలయ్యాయనీ అన్నారు. జబ్బు తిరగబెట్టిందా, లేక పెద్దవాళ్లు అంటున్నట్లు మందుకు బానిసైపోయానా అన్నది మీ ప్రశ్న. మానసిక వైద్యంలో చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. అయితే మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని చూసిన డాక్టరు గారి మాటకు ఇది బదులు కాదని ముందే చెప్పాలి.

మీరు వర్ణించినది జబ్బు తిరగబెట్టడం కన్నా మందు వేగంగా ఆపడం వల్ల వచ్చే విత్‌డ్రాయల్ లక్షణాలకే ఎక్కువ దగ్గరగా ఉంది. ఇలా అనడానికి మొదటి ఆధారం కాలం. ఎస్సిటాలోప్రామ్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు పడుతుంది కాబట్టి, ఆపిన రెండు మూడు రోజులకు రక్తంలో మందు బాగా పలచబడుతుంది. లక్షణాలు సరిగ్గా అప్పుడే తలెత్తాయి. డిప్రెషన్ సాధారణంగా అలా మూడో రోజున వచ్చి పడదు. అది వారాల మీద, నెలల మీద మెల్లగా కమ్ముకుంటుంది. రెండో ఆధారం లక్షణాల స్వభావం. నిరాశ, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తనను తాను నిందించుకోవడం డిప్రెషన్‌లో ఉంటాయి గానీ, కళ్లు తిప్పితే తలలో షాక్ కొట్టడం, పడవలో నిలబడినట్లు నేల ఊగడం, వికారం, ఫ్లూ జ్వరంలో లాంటి ఒళ్లునొప్పులు అందులో భాగం కావు. మూడేళ్ల కిందట మొదటిసారి జబ్బు పడినప్పుడు మీకు ఈ షాకులు ఉన్నాయా అని గుర్తుచేసుకోండి. అప్పుడు లేని కొత్త బాధలు ఇప్పుడు ఉంటే, అది చాలా బలమైన సూచన. మూడో ఆధారం, మందు తిరిగి మొదలుపెడితే ఏమవుతుందన్నది. విత్‌డ్రాయల్ అయితే సాధారణంగా కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే సర్దుకుంటుంది. జబ్బే అయితే మందు పనిచేయడానికి వారాలు పడుతుంది.

ఏడుపు, ఆందోళన, నిద్రలేమి మాత్రం రెండింటిలోనూ ఉంటాయి. చిక్కంతా అక్కడే వస్తుంది. మందు ఆపిన వారానికి మనిషి ఏడుస్తూ వస్తే, "చూశావా, మందు లేకపోతే నీ పరిస్థితి ఇదీ" అని పాత మోతాదు మళ్లీ రాసేసి, ఇక జీవితాంతం వాడాలని తేల్చేయడం మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ జరిగింది. ఇంకొందరు తల తిరుగుడు పేరుతో చెవి డాక్టరు దగ్గరికీ, షాకుల పేరుతో నరాల డాక్టరు దగ్గరికీ తిరిగి, మెడకు ఎక్స్‌రేలు, తలకు స్కాన్లు తీయించుకొని, చివరకు బి12 ఇంజెక్షన్లు వేయించుకొని ఇంటికి చేరుతుంటారు. ఇటీవల ఏ మందు ఆపారో చెబితే సగం దారిలోనే తెలిసిపోయే విషయం అది.

ఇక బానిసత్వం మాట. మద్యానికో నల్లమందుకో బానిసైనవారిలో దాని కోసం తహతహ ఉంటుంది, మోతాదు తనంతట పెరుగుతూ పోతుంది, సంసారం, ఉద్యోగం నాశనమవుతున్నా మానలేరు. యాంటీడిప్రెసెంట్ల విషయంలో ఇవేవీ ఉండవు. కానీ "బానిసత్వం కాదు కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు" అనడం కూడా పొరపాటే. రోజూ అందే మందుకు తగ్గట్టుగా మెదడు ఏళ్ల తరబడి తనను తాను సర్దుకుంటుంది. ఆ మందును ఒక్కసారిగా తీసేస్తే, తిరిగి సర్దుకోవడానికి దానికి వ్యవధి కావాలి. ఇది శరీరధర్మం, మీ మనోబలానికీ దీనికీ సంబంధం లేదు.

ఇదేమీ ఇప్పుడు కొత్తగా బయటపడిన సంగతి కాదు. తొలితరం యాంటీడిప్రెసెంట్ అయిన ఇమిప్రమిన్ ఆపినప్పుడు ఇలాంటి లక్షణాలు వస్తున్నాయని 1959 నాటికే వైద్య పత్రికల్లో నమోదైంది. 1998లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, మందు వాడుతూ బాగున్నవారికే వారికి తెలియకుండా ఐదు నుంచి ఎనిమిది రోజులు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, ఎస్సిటాలోప్రామ్ జాతిదే అయిన పారాక్సెటిన్ వాడేవారిలో 66 శాతం మందికి, సెర్ట్రలిన్ వాడేవారిలో 60 శాతం మందికి లక్షణాలు వచ్చాయి. ఫ్లూక్సెటిన్ వాడేవారిలో వచ్చింది 14 శాతం మందికే. అయినా చాలాకాలం పాటు పాఠ్యపుస్తకాలు "స్వల్పంగా ఉంటాయి, ఒకటి రెండు వారాల్లో వాటంతట అవే పోతాయి" అన్న వాక్యంతోనే సరిపెట్టాయి. చాలామందికి అది నిజమే. కొందరికి మాత్రం నెలల తరబడి ఉంటుందని, తీవ్రంగా కూడా ఉండవచ్చని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 2019లో తన వైఖరి మార్చుకొని ఒప్పుకుంది. చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే ఆ దేశపు నైస్ సంస్థ 2022లో ఇచ్చిన డిప్రెషన్ మార్గదర్శకాల్లో మందు ఎలా తగ్గించాలన్నదానికి విడిగా చోటిచ్చింది.

ఎంతమందికి వస్తుందన్న దాని మీద పెద్ద వాదమే నడిచింది. 2019లో వచ్చిన ఒక సమీక్ష సగానికి పైగా, అంటే 56 శాతం మందికి వస్తుందని చెప్పింది. అందులో ఇంటర్నెట్ సర్వేలు కలిసి ఉండడం వల్ల బాధపడినవారే ఎక్కువగా జవాబిచ్చి ఉంటారన్న విమర్శ వచ్చింది. 2024లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన మరో సమీక్ష, మందు ఆపినవారిలో 31 శాతానికి, ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలో 17 శాతానికి లక్షణాలు కనిపించాయని, కచ్చితంగా మందు వల్లనే అనదగినది దాదాపు ఏడుగురిలో ఒకరికనీ, తీవ్రమైన బాధ సుమారు 35 మందిలో ఒకరికనీ లెక్కకట్టింది. ఈ రెండో లెక్కకు ఆధారమైన అధ్యయనాల్లో చాలావరకు మందును కొద్ది నెలలే వాడినవారు ఉన్నారు. మీలాగా మూడేళ్లు వాడినవారికి ఆ అంకెను నేరుగా అన్వయించడానికి నేను వెనకాడతాను. అలాగని ప్రతి ఒక్కరూ నరకం చూస్తారని భయపెట్టే వీడియోలనూ నమ్మనక్కరలేదు. ఉత్తుత్తి మాత్ర ఆపినా ఆరుగురిలో ఒకరికి లక్షణాలు వచ్చాయంటే, భయం తన వంతు పని తాను చేస్తుందనే అర్థం.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వస్తాను. 20 నుంచి 10కి దిగితే ఏమీ కాలేదు, 5 నుంచి సున్నాకు దిగితే ఇంత ఎందుకైంది? పది మిల్లీగ్రాములు తీసేసినప్పటి కంటే ఐదు తీసేసినప్పుడే ఎక్కువ బాధ కలగడం వింతగానే కనిపిస్తుంది. దీని జవాబు మందుకూ మెదడుకూ ఉన్న లెక్కలో ఉంది. ఈ మందులు మెదడులో సందేశాలు మోసే సెరొటోనిన్ అనే రసాయనాన్ని నాడీకణంలోకి వెనక్కి లాగే ట్రాన్స్‌పోర్టర్లను పట్టుకొని పనిచేస్తాయి. ఎంత మోతాదుకు ఎన్ని శాతం ట్రాన్స్‌పోర్టర్లు పట్టుబడుతున్నాయో మెదడు లోపల మందు ఎక్కడ పట్టుకుందో చూపే పెట్ స్కాన్లతో కొలిచారు. ఆ కొలతల ఆధారంగా మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే ఇద్దరు లండన్ పరిశోధకులు 2019లో ఒక పట్టిక ప్రచురించారు. దాని ప్రకారం మీ మందుకు దగ్గరి బంధువైన సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములు దాదాపు 80 శాతం ట్రాన్స్‌పోర్టర్లను ఆక్రమిస్తుంది. మోతాదు 40కి పెంచినా అది 86 శాతమే అవుతుంది. కిందికి వస్తే 9 మిల్లీగ్రాములకు 70 శాతం, ఐదున్నరకు 60 శాతం, 2.3కు 40 శాతం, 0.8కి 20 శాతం.

ఎస్సిటాలోప్రామ్ అంటే సిటాలోప్రామ్‌లో పనిచేసే భాగం మాత్రమే కాబట్టి, ఈ మిల్లీగ్రాముల అంకెలను (శాతాలను కాదు) సుమారుగా సగం చేసుకుంటే మీ లెక్క వస్తుంది. మీరు 20 నుంచి 10కి దిగినప్పుడు మెదడుకు తెలిసిన మార్పు ఐదారు శాతం. 10 నుంచి 5కి దిగితే ఇంకో పది శాతం. 5 నుంచి సున్నాకు దిగిన ఆ ఒక్క అడుగులో మాత్రం 70 శాతం పైగా ఒక్కసారిగా పోయింది. కాగితం మీద చూస్తే మీది పద్ధతైన తగ్గింపే, మీ మెదడుకు మాత్రం అది మేడ మీద నుంచి రెండు మెట్లు దిగి మూడోసారి కిందికి దూకినట్లయింది. 5 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క కూడా ఇంకా దాదాపు 40 శాతం ట్రాన్స్‌పోర్టర్లను పట్టి ఉంచుతుందంటే, "అంత చిన్న ముక్క వాడినా ఒకటే, మానినా ఒకటే" అన్న మాట ఎంత తప్పో తెలుస్తుంది. ఇవి సగటు అంకెలని, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఈ పట్టికను అనుసరించి తగ్గించే పద్ధతిని మామూలు పద్ధతితో పోల్చి చూసిన గట్టి ప్రయోగాలు ఇంకా తక్కువే. అయినా అందులోని తర్కం రోగులు చెప్పే అనుభవంతో సరిపోతుంది కాబట్టి నేను దానినే పాటిస్తాను.

మరి ఇప్పుడేం చేయాలి? లక్షణాలు ఓర్చుకోదగినట్లుండి, రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గుతుంటే ఇంకో రెండు మూడు వారాలు వేచిచూడటంలో తప్పు లేదు. పనికి వెళ్లలేనంతగా, నిద్ర లేనంతగా ఉంటే ఓర్చుకోవాలన్న నియమమేమీ లేదు. డాక్టరు గారితో మాట్లాడి, బాగున్న చివరి మోతాదుకు, మీ విషయంలో 5 మిల్లీగ్రాములకు, తిరిగి వెళ్లవచ్చు. మళ్లీ 20కి ఎక్కాల్సిన అవసరం సాధారణంగా రాదు. అక్కడ కొన్ని వారాలు నిలదొక్కుకున్నాక, ఈసారి మెట్లు చిన్నవి చేయాలి. ప్రతి మెట్టులోనూ అప్పటికి వాడుతున్న మోతాదులో ఒక వంతును తగ్గించాలి గానీ మొదటి మోతాదులోని వంతును కాదు. నైస్ మార్గదర్శకాలు మొదట్లో సగం వరకు, మోతాదు చిన్నదయ్యేకొద్దీ పావు వంతు చొప్పున తగ్గించమంటాయి. మీలాంటివారికి 5 నుంచి 2.5కి వచ్చే బదులు ముందు మూడున్నర దగ్గర ఆగడం, ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు ఉండటం మంచిది. లక్షణాలు వస్తే అవి సద్దుమణిగేదాకా తర్వాతి మెట్టు దిగకూడదు. మొత్తం కొన్ని నెలలు పట్టవచ్చు. మూడేళ్లు వాడిన మందుకు అది ఎక్కువేమీ కాదు.

ఆచరణలో ఇబ్బంది ఎక్కడంటే, మెడికల్ షాపులో 5 మిల్లీగ్రాముల కంటే చిన్న మాత్ర సాధారణంగా దొరకదు. నెదర్లాండ్స్‌లో రోజురోజుకూ కొద్దిగా తగ్గే మోతాదులను వరుసగా పొట్లాలు కట్టిన టేపరింగ్ స్ట్రిప్‌లు ఉన్నాయి. కొన్ని దేశాల్లో చుక్కల మందు రూపంలో ఇస్తారు. మనకు అందుబాటులో ఉన్నది మాత్రను ముక్కలు చేయడమే. మాత్రలు కోసే చిన్న కట్టర్ తక్కువ ధరకే దొరుకుతుంది, చాకుతో కోయడం కంటే అది నయం. ముక్కలు కాస్త హెచ్చుతగ్గులుగా వచ్చినా కంగారు పడవద్దు. కానీ ఈ వెసులుబాటు మామూలు మాత్రలకే. పేరు పక్కన సి.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్. వంటి అక్షరాలున్న మాత్రలను కోయకూడదు, నలపకూడదు. రోజంతా మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా బయటపడుతుంది. మరో యాంటీడిప్రెసెంట్ అయిన డులాక్సెటిన్ క్యాప్స్యూల్‌లోని పూసలకు కడుపులోని ఆమ్లం తగలకుండా పూత ఉంటుంది కాబట్టి వాటినీ పొడి చేయకూడదు. ఆ మందులకు వేరే దారి చూడవలసింది డాక్టరే.

రోజు విడిచి రోజు వేసుకోమని కొందరు చెబుతుంటారు. ఫ్లూక్సెటిన్ విషయంలో తప్ప ఈ పద్ధతిని నేను సమర్థించను. ఎస్సిటాలోప్రామ్‌ను ఒక రోజు మానేస్తే రక్తంలో మందు దాదాపు సగానికి పడిపోయి, మర్నాడు మళ్లీ ఎగబాకుతుంది. ఈ ఎక్కిదిగడమే లక్షణాలను రేపుతుంది. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇంకా కష్టం. వెన్లాఫాక్సిన్ ఒంట్లో సగం కావడానికి ఐదు గంటలు చాలు. ఒక పూట మరిచిపోతేనే సాయంత్రానికి తల తిరిగేవారు ఉన్నారు. ఫ్లూక్సెటిన్, దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం రోజుల నుంచి వారాల దాకా నిలుస్తాయి కాబట్టి అది తనను తానే మెల్లగా తగ్గించుకుంటుంది. అందుకే వేరే మందు మానలేకపోతున్నవారిని కొందరు వైద్యులు ముందు ఫ్లూక్సెటిన్‌కు మార్చి, తర్వాత దానిని ఆపుతారు. దాని లక్షణాలు ఆలస్యంగా, కొన్ని వారాలకు తలెత్తే అవకాశం ఉందని మాత్రం మరవకూడదు.

మీరు రాయలేదు గానీ, ఒక విషయం తప్పకుండా చూసుకోండి. మన దేశంలో ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజిపామ్ కలిపిన మాత్రలు విరివిగా అమ్ముడవుతాయి. పేరు చివర ప్లస్ అనో మరొకటో ఉంటుంది. చాలామందికి తాము రెండు మందులు మింగుతున్నామని తెలియదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో రాసిన మందు పేర్లు చదవండి, కనిపించకపోతే షాపులో చదివించుకోండి. క్లోనజిపామ్ ఆందోళనకు, నిద్రకు వాడే బెంజోడయాజిపైన్ జాతికి చెందింది. దీర్ఘకాలం వాడి ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. పైన చెప్పినదంతా ఒక్క ఎస్సిటాలోప్రామ్‌కు వర్తించేదే. కలిపిన మాత్ర అయితే ముక్కలు చేసుకుంటూ సొంతంగా తగ్గించే ప్రయత్నం అస్సలు చేయవద్దు. డాక్టరు రెండింటినీ విడదీసి, ఏది ముందు ఎంత తగ్గించాలో నిర్ణయించాలి. నిద్ర కోసమనీ, గ్యాస్ కోసమనీ రాసిన అమిట్రిప్టిలిన్, క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిపిన మాత్రలదీ ఇదే కథ.

అసలు ఇప్పుడు మానాలా అన్నది వేరే ప్రశ్న. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారు పూర్తిగా కోలుకున్నాక కనీసం ఆరు నెలలు, మళ్లీ మళ్లీ వచ్చినవారు రెండేళ్లో ఇంకా ఎక్కువో మందు కొనసాగించడం వాడుకలో ఉన్న నియమం. బ్రిటన్‌లో జరిగిన యాంట్లర్ అధ్యయనం 2021లో వెలువడింది. దీర్ఘకాలంగా మందు వాడుతూ బాగుండి, మానాలని అనుకుంటున్న 478 మందిని అందులో రెండు గుంపులు చేస్తే, ఏడాదిలోపు మందు కొనసాగించినవారిలో 39 శాతానికి, మానినవారిలో 56 శాతానికి జబ్బు తిరగబెట్టింది. కాబట్టి "మానవద్దు" అనే డాక్టరు భయం ఒట్టి మాట కాదు. మానినవారిలో 44 శాతం మంది బాగానే ఉన్నారన్నదీ అదే అధ్యయనంలో ఉంది. గతంలో ఎన్నిసార్లు జబ్బు వచ్చింది, ఎంత తీవ్రంగా వచ్చింది, ఆత్మహత్యాయత్నం ఉందా అన్నవే దీనిని తేల్చాలి.

మానే సమయం ఎంపిక కూడా ముఖ్యమే. పరీక్షలు, ఉద్యోగం మారడం, ఇంట్లో పెళ్లి, ఆప్తుల మరణం ఉన్న నెలల్లో తగ్గింపు మొదలుపెట్టవద్దు. దీక్ష తీసుకున్నామని మాత్రలు ఆపేసేవారినీ, గర్భం వచ్చిందని తెలియగానే భయపడి ఆ రోజే ఆపేసేవారినీ చూస్తుంటాం. గర్భవతులు ముందు డాక్టరును కలవాలి, మార్పు ఏదైనా ఆ తర్వాతే. అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లేటప్పుడు ఇక్కడి నుంచి కొన్ని నెలల మాత్రలు పట్టుకెళ్లి, అవి అయిపోయి, అక్కడి డాక్టరు అపాయింట్‌మెంటు దొరక్క ఒక్కసారిగా ఆగిపోయినవారూ ఉన్నారు. చివరి స్ట్రిప్ తెరవకముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఇంట్లో ఒకరికైనా ఈ సంగతి చెప్పి ఉంచండి. విసుగు, కోపం మీకు కనిపించక ముందే వాళ్లకు కనిపిస్తాయి. తల తూలుతున్న రోజుల్లో బండి నడపవద్దు. చచ్చిపోవాలన్న ఆలోచనలు రావడం, ఒకచోట కూర్చోలేనంత అలజడి, రెండు మూడు రోజులు నిద్ర లేకపోయినా అలసట లేని అతి ఉత్సాహం, ఫిట్స్, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. బోధనాసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలు ఉంటాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు కాగితాలు పట్టుకెళ్లండి: మూడేళ్ల కిందటి మొదటి చీటీ, ఇప్పటి ఖాళీ స్ట్రిప్, ఏ తేదీన ఎంత మోతాదుకు దిగారో, ఏ లక్షణం ఏ రోజు మొదలైందో రాసిన పుస్తకంలోని పేజీ. రద్దీగా ఉండే ఓపీలో మీకు దొరికే కొద్ది నిమిషాల్లో ఆ తేదీలే మీ తరఫున ఎక్కువ మాట్లాడతాయి. "5 మిల్లీగ్రాముల దాకా బాగానే ఉన్నాను, అది ఆపిన మూడో రోజు మొదలైంది, అక్కడి నుంచి మెల్లగా తగ్గించే ప్రణాళిక రాసివ్వండి" అని సూటిగా అడగండి.